ఓదెలు వేసిన ముడి

ముంబై పక్కన భివండిలో ఆటో నడిపేవాళ్లలో ఎవరినైనా ఆపి ఓదెలు దుకాణం ఎక్కడని అడగండి. దారి చెప్పే ముందు ఒకసారి నవ్వుతారు. ఆ నవ్వుకు కారణం నేనే కాబట్టి అదేదో నేనే చెప్పుకోవడం మర్యాద. బండికి ఏ రోగం వచ్చినా నా నోట ముందు వచ్చే మాట ఒకటే, బ్యాటరీ పోయిందని. హారన్ మోగకపోతే బ్యాటరీ. లైటు మిణుకుమంటే బ్యాటరీ. పెట్రోలు అయిపోయి ఆగిన ఆటోకు కూడా నేను బ్యాటరీ మార్చానని మా గల్లీలో ఒక కథ ఉంది. అది పూర్తిగా నిజం కాదు. మార్చబోతుండగా డ్రైవరే టాంకీ మూత తీసి చూసుకున్నాడు.

దుకాణం అంటే పెద్దదేమీ కాదు. రేకుల కింద ఒక బల్ల, బ్యాటరీలకు చార్జింగు పెట్టే డబ్బా, రెండు వైర్ల మధ్య బల్బు కట్టిన టెస్ట్ ల్యాంపు. పైన బోర్డు. బోర్డు మీద మెరుపు గుర్తు వేయమంటే పెయింటరు పాములాంటిది వేశాడు. కొత్తలో ఒక ముసలాయన వచ్చి పాము మందు ఉందా అని అడిగాడు. లేదన్నాను. అప్పుడు కూడా నా చేతిలో బ్యాటరీయే ఉంది.

ఇంతకూ ఇది నా కథ కాదు, మా మామ బుచ్చిరాములు కథ. కాకపోతే ఆయన కథ ఎక్కడెక్కడ చెడిందో అక్కడక్కడ నేను కనబడతాను, అందుకని నన్ను తప్పించి చెప్పడం కుదరదు.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు, తర్వాత నాకు పిల్లనిచ్చిన మామ కూడా. కరీంనగర్ జిల్లాలో చేనేత మగ్గం దగ్గర పుట్టి పెరిగినవాడు. మగ్గం అన్నం పెట్టడం మానేశాక భివండి వచ్చి పరాయి సేటు కార్ఖానాలో సాంచాలు నడిపాడు. సాంచ అంటే కరెంటు మగ్గం, మావాళ్లందరి నోట అదే మాట. పొద్దంతా తెల్లగుడ్డ దిగుతూనే ఉంటుంది, లారీ ఎక్కి పోతూనే ఉంటుంది. దానికి రంగు ఎక్కడ అద్దుతారో, ఎవరు తొడుక్కుంటారో మామకు తెలియదు. "నేను నేసిన గుడ్డ కట్టిన మనిషిని ఇంతవరకు చూడలే" అనేవాడు. అది బాధతో అనేవాడు కాదు, టీ తాగుతూ మామూలుగానే అనేవాడు. వినే నాకే బాధగా ఉండేది.

సాంచాల చప్పుడుకు ఆయన చెవులు సగం పోయాయి. కార్ఖానాలో ఎవరి మాట ఎవరికీ వినబడదు కనుక అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. మామ ఆ భాషను ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. అన్నం వడ్డించమంటే ఒక సైగ, చాలంటే ఒక సైగ. మా అత్త కనకవ్వ మాత్రం నోటితోనే జవాబు చెప్పేది, ఆయనకు వినబడదని తెలిసి కూడా.

నన్ను ఊరి నుంచి తెచ్చిన కొత్తలో మామ తన పక్కనే సాంచ మీద పెట్టుకున్నాడు. నేతపనిలో మొదటి పాఠం ముడి. పోగు తెగితే సాంచ ఆపి, తెగిన కొసలు రెండూ కలిపి, బొటనవేలి గోటి మీద చిన్న ముడి వేసి మళ్లీ నడపాలి. ఆ ముడి ఎంత చిన్నదంటే గుడ్డలో వెతికినా దొరకకూడదు. ఎంత గట్టిదంటే లాగినకొద్దీ బిగియాలి. మామ నా వేళ్లు పట్టుకుని నేర్పాడు. నా వేళ్లు నేర్చుకున్నాయి కూడా. కానీ నా ముడి చూడటానికి మామ ముడిలాగే ఉండి, సాంచ నడవగానే జారిపోయేది. నేను నేసిన గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టి సేటు నవ్వకుండా నా వైపు చూశాడు. దాంట్లోంచి ఆయన ముఖం బాగానే కనబడింది.

ఒకరోజు మామ తన సాంచాలు వదిలి నా దగ్గరకు వచ్చాడు. చుట్టూ చెవులు పగిలే చప్పుడు. రెండు చూపుడు వేళ్లు కొక్కెంలాగా ఒకదానికొకటి తగిలించి చూపించాడు. తర్వాత వాటిని లాగాడు, అవి విడిపోయాయి. తల అడ్డంగా ఊపి, చేత్తో కార్ఖానా తలుపు చూపించాడు. నీ ముడి నిలవడం లేదు, బయటికి నడువు అని. ఒక్క తిట్టు తిట్టలేదు. తిడితే అంత గుర్తుండేది కాదేమో. అట్లా నేను నేతగాళ్ల ఇంట్లో పుట్టి ఆటోల కింద పడుకునే మనిషినయ్యాను.

ఇక అసలు సంగతికి వస్తాను.

పెద్ద వానలొచ్చి కల్యాణ్ దాకా మునిగిన ఏడాది ఉంది కదా, దానికి ముందటి ఏడాది. శ్రావణ పున్నమికి మా పద్మశాలీలు మార్కండేయ స్వామి ఊరేగింపు తీస్తారు. ఆ రోజు సాంచాలన్నీ బంద్. స్వామి పటం ముందు ఒక బండి మీద చేనేత మగ్గం ఎక్కిస్తారు. బండి నడుస్తుంటే దాని మీద కూర్చొని ఒకరు గుడ్డ నేస్తారు. మా ఊరేగింపు కమిటీ పెట్టుకున్న నియమం ఏమంటే, బండి నడిచినంతసేపే నేత, బండి ఆగితే పోగుల మధ్య అటూ ఇటూ దారం మోసే నాడె కూడా ఆగాలి. గుడి చేరేసరికి దిగిన గుడ్డను స్వామికి కప్పుతారు. ప్రతి ఏడూ సాంచాలున్న సేట్ల ఇళ్ల నుంచే ఒకరు మగ్గం మీద కూర్చునేవారు. వాళ్లలో చేనేత వచ్చిన తరం అయిపోయింది. కిందటేడు కూర్చున్నాయన నాడెను మగ్గంలోంచి రోడ్డు మీదికి విసిరాడు. అందుకని ఈసారి కూలి నేతగాళ్లలోంచి చేతిపని తెలిసిన మనిషిని అడిగారు, మామ పేరు వచ్చింది.

కమిటీ వాళ్లు ఇంటికి వచ్చి చెప్పినప్పుడు మామ సంతోషం చూపించలేదు. ఒకటే అడిగాడు.

"బండి మా గల్లీల నుంచి పోవాలె."

కమిటీ అధ్యక్షుడు నర్సింహులు సేటు పెద్దగా, మామకు వినబడేట్టు అన్నాడు. "ఎట్ల పోతదయ్యా? టెంపో పట్టదు. ఎడ్ల బండి పెడితే ఎడ్లు జారుతయ్. మోకాళ్ల లోతు బురద ఉన్నది."

మామ గుమ్మంలో కూర్చున్న అత్త వైపు చూశాడు. మాకందరికీ అర్థమైంది. అత్తకు కీళ్లవాతం. గల్లీ చివరిదాకా నడవలేదు. ఊళ్లో మామ మగ్గం మీద నేస్తుంటే పక్కన రాట్నం పెట్టుకుని నాడెలో వేసే దారం కండెలు చుట్టింది ఆమెనే. భివండి వచ్చాక కండెలు మెషీన్లు చుట్టాయి, ఆమె చేతులకు పని పోయింది. మామ మళ్లీ చేతిమగ్గం మీద కూర్చుంటున్నాడు, అది ఆమె ఒకసారి చూడాలి. ఆయన కోరిక అంతే. పెద్ద రోడ్డు మీద పోయే బండిని ఆమె చూడలేదు.

కమిటీవాళ్లు లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. నా నోరు నన్ను అడగకుండానే తెరుచుకుంది.

"బండి నేను తెస్త" అన్నాను.

నా భార్య మల్లిక వంటింట్లోంచి తొంగిచూసింది. "ఏం బండి తెస్తవు బావా?"

"ఉన్నది" అన్నాను. అప్పటికి ఏదీ లేదు.

తర్వాత రెండు రోజులు తిరగగా కాల్హేర్‌లో దొరికింది. అక్కడ ఒక గోదాములో భూషణ్ అని మేనేజరు, నా పాత గిరాకీ. ఆ గోదాము మూలన టార్పాలిన్ కప్పి ఒక వింత బండి ఉంది. బుడ్డ టైర్లు నాలుగు, మధ్యలో మోటార్ సైకిలు సీటు, ముందు హ్యాండిలు. దాన్ని ఏటీవీ అంటారని, బురద, గుంత, రాయి ఏదైనా ఎక్కి దిగుతుందని భూషణ్ చెప్పాడు. వానాకాలంలో ఒక గోదాము నుంచి ఇంకో గోదాముకు ట్రాలీ లాగడానికి వాళ్ల సేటు తెచ్చాడట. మా గల్లీవాళ్లు తర్వాత దానికి కప్పబండి అని పేరు పెట్టారు.

"చల్తీ నహీ" అన్నాడు భూషణ్. "బార్ బార్ బంద్ పడ్తీ హై. తూ చాలూ కర్ దే, ఔర్ ఏక్ దిన్ కే లియే లే జా."

మాటిమాటికి ఆగిపోయే ఆ బండిని నడిపిస్తే ఒక రోజుకు నాకిస్తాడట. నేను బండి చుట్టూ ఒకసారి తిరిగి, గడ్డం గోక్కుని, బ్యాటరీ పోయిందన్నాను. భూషణ్ ఆశ్చర్యపోలేదు.

ఈ బండి గుణం ఒకటి చెప్పాలి. కొన్ని బండ్లు బ్యాటరీ చచ్చినా నడుస్తాయి. ఇది అట్లా కాదు, బ్యాటరీ బలం తగ్గితే ఇంజను కూడా దగ్గి ఆగిపోతుంది. బ్యాటరీ నిండుతూ ఉండాలంటే మూడు వస్తువులు సరిగ్గా ఉండాలి. ఇంజను తిరిగితే దాని పక్కనున్న కాయిలు కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు మూడు పసుపు తీగల మీద రెగ్యులేటరుకు పోతుంది. రెగ్యులేటరు దాన్ని బ్యాటరీ తట్టుకునేంత చేసి పంపుతుంది. కాయిలు, రెగ్యులేటరు, బ్యాటరీ, అంతే సంసారం. ఇది ఆటో ఎలక్ట్రిక్ నేర్చుకునే ప్రతివాడికీ తెలుసు. అందరికీ తెలిసినదాన్ని నేను భూషణ్‌కు రహస్యంలా చెప్పాను.

కాయిలుకూ రెగ్యులేటరుకూ నడుమ పసుపు తీగలు మూడూ కలిసే ప్లగ్గు కాలి నల్లబడి, మైనంలా కరిగి ఉంది. అసలు రోగం అదే. దాన్ని కోసి పారేశాను. ఇప్పుడు మూడు తీగలను మూడింటికి కలపాలి. అంతలో భూషణ్ చాయ్ తెప్పించాడు. చాయ్ వస్తే నాకు మాటలు వస్తాయి. నేతపని వదిలి ఈ పనిలోకి ఎంత తెలివిగా వచ్చానో, భివండిలో నా అంత చేయి ఎవరికీ లేదని ఎవరెవరు అన్నారో అతనికి వివరంగా చెప్పాను. నోరు గొప్పలు చెబుతుంటే చేతులు వాటి పని అవి చేసుకున్నాయి. మాట అయ్యేసరికి మూడు తీగలూ కలిసి, నల్ల టేపు కింద నీటుగా పడుకుని ఉన్నాయి. బండి స్టార్టయింది.

మరుసటి రోజు ఫోను వచ్చింది. బండి మళ్లీ ఆగింది.

నేను పోయి వేరే బ్యాటరీ పెట్టాను. పొద్దున బాగా నడిచి మధ్యాహ్నానికి అదీ దిగిపోయింది. టెస్ట్ ల్యాంపు తీసి ఇంజను దగ్గర పసుపు తీగలకు జతజతగా పెట్టి చూశాను. ప్రతి జతకూ బల్బు భగ్గున వెలిగింది. కాయిలు బాగానే ఉంది. అయితే రెగ్యులేటరే అని కుర్లా బజారు దాకా పోయి దానికి సరిపోయేది వెతికి తెచ్చి బిగించాను. ఆ రాత్రంతా బ్యాటరీని దుకాణంలో చార్జింగుకు పెట్టి పొద్దున బండికి వేశాను. బండి గోదాముల చుట్టూ రోజంతా గుర్రంలా తిరిగింది. నిండా నీళ్లు పోసిన కుండకు చిల్లి ఉన్నా కొంతసేపు తెలియదు. నాకు ఆ మాత్రం తోచలేదు. రిపేరు అయిపోయిందని దుకాణం ముందు నిలబడి అందరికీ చెప్పాను.

ఇంట్లో మల్లిక అడిగింది. "ఏం పోయింది బావా దానికి?"

"రెగ్యులేటర్."

"బ్యాటరీ కాదా?" అని అమాయకంగా ముఖం పెట్టింది. తర్వాత చాలాసేపు వంటింట్లోంచి నవ్వు వినబడింది. ఆ నవ్వు విని అత్త కూడా నవ్వింది. అత్త అప్పుడు పాత రాట్నం ముందు కూర్చుని ఊరేగింపుకు కావలసిన కండెలు చుడుతోంది. వాపు వచ్చిన వేళ్లతో నెమ్మదిగా చుడుతూ, ఒక్కొక్కదాన్ని దీపం దగ్గర పెట్టే వత్తిలా పళ్లెంలో పేర్చుతోంది.

పున్నమి రోజు పొద్దున్నుంచి సన్నటి వాన. కప్పబండికి మామిడాకులు కట్టాం. వెనక ట్రాలీ, ట్రాలీ మీద మగ్గం, మగ్గం మీద మామ. తెల్ల ధోవతి, కొత్త జంధ్యం, మెడలో తాడుతో వేలాడుతున్న దారాలు కత్తిరించే చిన్న కత్తెర. నేను ముందు సీటు మీద. కమిటీవాళ్లు వచ్చి బండికి లౌడ్‌స్పీకరు, రంగుల బల్బుల తోరణం తగిలించారు. కరెంటు ఎక్కడినుంచి అంటే ఈ బండి బ్యాటరీ నుంచే. వద్దనవలసింది నేను. కానీ నర్సింహులు సేటు "పర్వాలేదా ఓదెలు?" అని అందరి ముందు అడిగాడు. అందరి ముందు అడిగితే నాకు అన్నీ పర్వాలేదు.

మొదట బాగానే సాగింది. డప్పులు, తాళాల గొలుసు కట్టిన కర్రలతో లేజిం ఆడే పిల్లలు, పూలు. బండి కదలగానే వెనక మగ్గం మొదలైంది. వెనక్కి తిరిగి చూస్తే మామ ఏ తడబాటూ లేకుండా నేస్తున్నాడు. కాళ్లు తొక్కుడు చెక్కల మీద, నాడె ఈ చేతి నుంచి ఆ చేతికి. ఇన్నేళ్లు కరెంటుకు కాపలా కాసిన మనిషి చేతుల్లో ఆ పని ఎక్కడ దాక్కుని ఉందో నాకు తెలియదు.

బజారు దాటేసరికి లౌడ్‌స్పీకరు గొంతు బొంగురుపోయింది. నేను తెలివిగా సీటు కింద ఇంకో బ్యాటరీ పెట్టుకున్నాను. దాన్ని మార్చాను. భూషణ్ కూడా ఊరేగింపు చూడటానికి వచ్చాడు, నిజానికి బండికి కాపలా. గొడుగు కింది నుంచి "ఫిర్ బ్యాటరీ, భావూ?" అన్నాడు, మళ్లీ అదేనా తమ్ముడూ అన్నట్టు. నేను వినబడనట్టు నటించాను. అది మామ దగ్గర నేర్చుకున్న విద్య.

మా గల్లీ మొగదలకు వచ్చాం. గల్లీ మొత్తం ముగ్గులు, వానకు సగం కొట్టుకుపోయినా. ఇక్కడికి ఇంతవరకు దేవుడి బండి రాలేదు. ఆడవాళ్లు హారతి పళ్లేలు పట్టుకుని గడపల్లో నిలబడ్డారు. గల్లీ మధ్యలో, తలుపు ముందు కుర్చీ వేయించుకుని మా అత్త. నేను చూస్తూండగానే కప్పబండి రెండుసార్లు దగ్గి, ఒకసారి వణికి, ఆగిపోయింది.

బండి ఆగింది కనుక మగ్గం ఆగింది. మామ నాడెను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

జనం నుంచి ఎవరో అరిచారు. "బ్యాటరీ మార్చు ఓదెలూ." వెనక నలుగురు నవ్వారు. ఉన్న రెండో బ్యాటరీ కూడా అయిపోయింది. జనం రెండు వైపులా నిండి ఉన్నారు, పోలీసులు ఆటోలన్నిటినీ దూరంగా ఆపేశారు, నా దుకాణం ఊరికి ఆ చివర. నర్సింహులు సేటు వాన తుడుచుకుంటూ వచ్చాడు.

"లేజిం పిల్లలు ఆడే వరకు చూస్త ఓదెలూ. గప్పటికి కదలకపోతే మగ్గం నా టెంపో మీదికి ఎక్కిస్తం. పెద్ద రోడ్డు మీద నుంచే పోదాం. ముహూర్తం ఉన్నది గద."

మామకు వినబడిందో లేదో, అర్థమైంది. ఆయన నా వైపు చూడలేదు. గల్లీలోకి చూశాడు, అత్త కూర్చున్న వైపు. ఆ చూపు చూశాక నాకు సిగ్గు వేసింది. ఇంత ఊరిలో ఆ ఒక్క మనిషికి మాటిచ్చాను.

లౌడ్‌స్పీకరు, బల్బుల తోరణం వైర్లు రెండూ పీకేశాను. బరువు తగ్గితే బ్యాటరీ కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. కొంచెం ఆగి, ఇంజను పక్కనున్న తాడు పట్టి గట్టిగా లాగాను. నాలుగైదుసార్లకు ఇంజను పలికింది. ఆగుతుందో నడుస్తుందో అన్నట్టు పలుకుతోంది. దాని మీద మగ్గం లాగలేను, ఇంకో నిమిషానికి మళ్లీ పడుతుంది.

టెస్ట్ ల్యాంపు తీశాను. ఇంజను దగ్గర తీగలకు పెట్టాను, అన్ని జతలకూ వెలుగు. రెగ్యులేటరు ప్లగ్గు ఊడదీసి, దాంట్లోకి వచ్చే అవే మూడు తీగలకు పెట్టాను. ఒక్క జతకే వెలుగు. చివరి తీగ ఏ జతలో ఉందో ఆ జతకు బల్బు చీకటి.

భూషణ్ గొడుగు నా తల మీద పట్టాడు. "బ్యాటరీ?" అన్నాడు, ఈసారి నవ్వకుండా.

"బ్యాటరీ నహీ" అన్నాను. ఆ మాట నా నోట రావడం నాకే కొత్తగా అనిపించింది. ఇంజను దగ్గర కరెంటు ఉంది. రెగ్యులేటరు కొత్తది, దాని దాకా కరెంటే రావడం లేదు. రెండింటికీ నడుమ ఇంకేముంది? నల్ల టేపు ఉంది. టేపు కింద నేనున్నాను.

వేలు పెడితే టేపు కాలింది. ఇంజను ఆపి చింపాను. అప్పుడు చూశాను, కాల్హేర్‌లో చాయ్ తాగుతూ గొప్పలు చెబుతున్నప్పుడు నా చేతులు ఏం చేశాయో. వైరు కలపాలంటే పైతోలు తీసి రాగి రాగి కలిపి మెలి పెట్టాలి. నేను మెలి పెట్టలేదు. తీగల కొసలకు నేతగాడి ముడి వేశాను. బొటనవేలి గోటి మీద, మామ నేర్పినట్టు, మూడింటికి మూడు ముళ్లు. తోలు మీద తోలు బిగుసుకుంది, లోపలి రాగి అంచులు మాత్రం ఒకదానికొకటి రాసుకుంటూ ఉన్నాయి. రెండు ఎట్లాగో నెట్టుకొచ్చాయి. మూడోది కాలి నల్లబడింది. పోగు తెగితే ముడి, తీగ తెగినా ముడే. భివండిలో ఎంతమంది ఎలక్ట్రీషియన్లు ఉన్నా ఈ తప్పు చేయగలిగినవాడిని నేనొక్కడినే అయి ఉంటాను.

ఊడదీయబోయాను. రాలేదు. గోటితో గిల్లాను, పళ్లతో పట్టి లాగాను. లాగినకొద్దీ బిగుసుకుంది. కార్ఖానాలో ఒక్కనాడు కూడా నిలవని నా ముడి, పుట్టినప్పటినుంచి మొదటిసారి నిలిచింది. అదీ ఈ రోజు, ఇక్కడ. అవతల లేజిం ఆట చివరి చుట్టుకు వచ్చింది. నర్సింహులు సేటు టెంపో డ్రైవరుకు చెయ్యెత్తాడు.

భుజం మీద ఏదో తగిలింది. మామ మగ్గం మీది నుంచి వంగి, మెడలోని కత్తెర తీసి అందిస్తున్నాడు. ఆయన కళ్లు నా చేతిలోని తీగ మీదే ఉన్నాయి. అది ఏమిటో ఆయనకు చెప్పనవసరం లేదు. నేను కత్తెర అందుకోవడానికి చేయి చాపేలోగా ఆయనే నా చేతిలోంచి తీగ లాక్కుని, ముడికి అటూ ఇటూ కత్తిరించి, కత్తెర నాకిచ్చి, ముక్కను తన ధోవతి మడతలో దోపుకున్నాడు. మిగిలిన రెండు ముళ్లు నేను కోసేశాను.

తోలు ఒలిచి, రాగి రాగి కలిపి, మూడు మెలికలూ గట్టిగా పెట్టి టేపు చుట్టి, రెగ్యులేటరు ప్లగ్గు మళ్లీ తగిలించాను. ఈసారి నోరు మూసుకుని చేశాను. తాడు లాగాను. ఇంజను పలికింది. బ్యాటరీకి టెస్ట్ ల్యాంపు పెట్టి చూస్తే బల్బు మొదట మందంగా, తర్వాత నెమ్మదిగా తెల్లబడుతూ వచ్చింది. నర్సింహులు సేటు చెయ్యి దించాడు. "లౌడ్‌స్పీకర్ తగిలించాల్నా?" అని ఎవరో అడిగితే వద్దన్నాను. అందరి ముందే వద్దన్నాను.

కప్పబండి మా గల్లీలోకి దిగింది. బురదలో టైర్లు మునిగాయి, తేలాయి. డప్పులవాళ్లు వెనకబడ్డారు, ఇరుకులో వాళ్లు పట్టలేదు. లౌడ్‌స్పీకరు లేదు. సాంచాలు బంద్. ఎప్పుడూ చప్పుడు ఆగని ఆ గల్లీలో ఒక్క చేతిమగ్గం మాత్రం వినబడుతోంది. టక్ మని ఒక దెబ్బ, కాస్త ఆగి ఇంకో దెబ్బ. పెద్ద వయసువాళ్లు ఆ చప్పుడుకు గడపలు దిగి వచ్చారు. పెంటవ్వ అని మా పక్కింటి ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. మామకు ఆ చప్పుడు వినబడిందో లేదో నాకు తెలియదు. కాళ్లకు తెలిసే ఉంటుంది.

అత్త కుర్చీ దగ్గరకు వస్తుండగా నాడెలో దారం అయిపోయింది. మామ ఖాళీ కండె తీసి ట్రాలీలో పడేశాడు. కొత్తది కావాలి. ఆయన పక్కనున్న పళ్లెం వైపు చూడలేదు. ముఖం మగ్గం మీదే పెట్టి, కుడి చెయ్యి పక్కకు చాపాడు, ఊళ్లో చాపినట్టు. అత్త కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. ఒడిలో దాచిపెట్టుకున్న కండె తీసి ఆ చేతిలో పెట్టింది. నేను బండిని ఆపలేదు, ఆగనివ్వలేదు కూడా. బొటనవేలు యాక్సిలరేటరు మీద అట్లాగే నొక్కి పట్టుకున్నాను.

"నోరు తెరిచి అడుగొచ్చు గద" అంది అత్త, ఆయన వీపుకు. ఆయనకు వినబడలేదు. నేసుకుంటూ పోయాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది.

గుడి చేరాక గుడ్డ కోసి స్వామికి కప్పారు. డప్పులవాళ్లు మళ్లీ కలిశారు, వాళ్ల బాకీ అంతా అక్కడ తీర్చుకున్నారు. ఎవరి మాట ఎవరికీ వినబడడం లేదు. నేను బండి దగ్గరే నిలబడి టైర్ల బురద కడుగుతున్నాను. లోపలికి పోవాలనిపించలేదు. ఊరేగింపును నడిరోడ్డు మీద ఆపింది నేను, బాగుచేసింది కూడా నా సొంత తప్పునే. దాన్ని చూసి ఎవరైనా శభాష్ అంటే నాకు దాక్కోవాలనిపిస్తుంది.

తల ఎత్తితే గుడి మెట్ల మీద మామ. జనం మధ్యలోంచి నన్నే చూస్తున్నాడు. పిడికిలి తెరిచాడు. నేను వేసిన ముడి ముక్క. రెండు కొసలూ పట్టుకుని గట్టిగా లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు. ముక్కను మళ్లీ ధోవతి మడతలో దోపుకుని, రెండు చూపుడు వేళ్లు కొక్కెంలాగా తగిలించి నాకు చూపించాడు. లాగాడు. ఈసారి వేళ్లు విడిపోలేదు.

తర్వాత చెయ్యి ఎత్తి, లోపలికి రమ్మని పిలిచాడు.

ఆ రోజు కార్ఖానా తలుపు చూపించిన చెయ్యి అదే. ఆ చెయ్యి నన్ను పిలవడం కోసం ఇన్నేళ్లు ఎదురుచూశానని నాకు అప్పటిదాకా తెలియదు. చేతుల బురద ప్యాంటుకు తుడుచుకుని పోయి ఆయన పక్కన నిలబడ్డాను.